ఏఐతో మార్కెటింగ్ రాతలు: బరంపురం షాపుల వాళ్ళు మమ్మల్ని రోజూ అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో పెద్ద బజార్ వైపు మాది చిన్న డీటీపీ షాపు. ముందు పెళ్ళి కార్డులు, బిల్లు బుక్కులు, కరపత్రాలు వేసేవాళ్ళం. ఇప్పుడు వాటితో పాటు వాట్సాప్ పోస్టులు, ఇన్‌స్టా క్యాప్షన్లు, వెబ్‌సైట్లో పెట్టే రాతలు కూడా ఏఐ సాయంతో చేసిస్తున్నాం. వచ్చిన ప్రతి ఒక్కరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకని ఒకచోట రాసి పెట్టేశాను. ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా, రాయగడ వైపు నుంచి కూడా జనం వస్తుంటారు కాబట్టి ఉదాహరణలన్నీ మన వైపువే.

ఏఐకి చెప్తే నిమిషంలో రాసేస్తుంది కదా, మళ్ళీ ఈ ప్లానింగ్ ఏటి బాబూ?

రాసేస్తుంది, ఎవరు కాదన్నారు. ఆవకాయ గురించి రాయమంటే ఆవకాయ గురించే రాస్తుంది, కాకపోతే అది మీ ఆవకాయ కాదు. ఒక ఊరగాయల ఆయన ఫోన్ తెచ్చి చూపించాడు, "తరతరాల సంప్రదాయంతో, ప్రేమతో తయారైన మా ఊరగాయలు మీ రుచి మొగ్గలను ఆనందింపజేస్తాయి" అని ఉంది. షాపు పెట్టి ఎన్నాళ్ళయింది అన్నాను. నాలుగేళ్ళు అన్నాడు. మరి తరతరాలేటి? నవ్వాడు. రుచి మొగ్గలంటే ఏటో చెప్పు అంటే ఆయనకీ తెలీదు, మొగ్గలంటే మల్లెమొగ్గలే కదా మనకి!

ఆ మెసేజ్ మీ పక్క షాపు వాడు పెట్టుకున్నా సరిపోతుంది, గుంటూరులో ఎవరో పెట్టుకున్నా సరిపోతుంది. ప్లానింగ్ అంటే భయపడకండి, పెద్ద కంపెనీల్లో చేసే పీపీటీలు కాదు. మిషన్ ముందు కూర్చునే ముందు ఒక అరగంట కాగితం మీద మీ సరుకు గురించి మీకు తెలిసినవి రాసుకోవడం.

అందరి పోస్టులూ ఒకే గొంతుతో ఎందుకు ఉంటున్నాయి?

ఛాట్‌జీపీటీ అనే ఏఐ 2022 నవంబర్ 30న బయటికొచ్చింది, ఆ తర్వాత ఏడాది తిరిగేసరికి మన గ్రూపుల్లో దీపావళి, దసరా విషెస్ అన్నీ ఒకేలా అయిపోయాయి, మీరూ గమనించే ఉంటారు. కారణం సింపులే. ఈ మోడల్, అంటే ఏఐ లోపల రాత పని చేసే ప్రోగ్రాం, చేసే పని తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టడం. అది చదివిన కోట్ల వాక్యాల్లో ఊరగాయ అన్న మాట పక్కన ఏవేం మాటలు ఎక్కువసార్లు వచ్చాయో వాటినే తీసి ఇస్తుంది. మీరు ఇంకేమీ చెప్పకపోతే దానికి ఉన్నది ఆ సగటే, నోరూరించే, సాటిలేని, అమ్మమ్మ చేతి వంట, అవే.

మీరు ఒక్క నిజమైన సంగతి చెప్తే, అంటే "మేము ఆవ రోకట్లో దంచుతాం, మిక్సీ పట్టం" అని చెప్తే, ఆ మాట చుట్టూ వాక్యం కట్టాల్సొస్తుంది దానికి. సగటు నుంచి పక్కకి జరుగుతుంది. అలాంటివి పది చెప్తే పోస్టు మీదవుతుంది. ప్లాన్ వేస్తే క్వాలిటీ ఎలా పెరుగుతుంది అంటే నేను చెప్పేది ఇదే, మంత్రం ఏమీ లేదు.

సరే, ప్లాన్ కాగితం మీద ఏం రాయాలి? ఒకటి చూపించండి.

మా పిన్ని అప్పడాలు, ఆవకాయ చేసి అమ్ముతుంది, ఆవిడ కాగితమే చూపిస్తాను, ఆవిడ పర్మిషన్ ఉంది.

మొదటి లైను, ఎవరికి. పిన్ని ఏమందంటే "అందరికీ". అందరికీ అంటే ఎవరికీ కాదు పిన్నీ అన్నాను, కోప్పడింది. తర్వాత ఆవిడ కొరియర్ రసీదులన్నీ మంచం మీద పరిచి చూస్తే సగానికి పైగా సూరత్ పార్సిళ్ళే! మన గంజాం జిల్లా కుర్రాళ్ళు సూరత్ మగ్గాల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, పదిమంది కలిసి రూమ్ తీసుకుని అన్నం, దాల్మా (కూరగాయలేసి వండే పప్పు) వండుకుంటారు, పక్కన నంచుకోడానికి ఊరి ఊరగాయ కావాలి. ఇన్నాళ్ళూ పిన్ని పోస్టులన్నీ "గృహిణులారా" అని మొదలయ్యేవి. కొనేవాళ్ళలో గృహిణులు కొద్దిమందే.

రెండో లైను, వాళ్ళు అడిగే ప్రశ్న ఏది. దీనికి ఊహ వద్దు, వాట్సాప్ తెరిచి పాత చాట్లు చూడండి. పిన్నిని ఎక్కువమంది అడిగింది రుచి గురించి కాదు. "పిన్నీ, దారిలో నూనె కారిపోదా?" ఇదీ ప్రశ్న. ఒక కుర్రాడికి బట్టల బ్యాగు పాడైందట అంతకుముందు ఎవరి దగ్గరో కొంటే.

మూడోది, మన దగ్గర ఉన్న రుజువు. డబ్బా మూతకి సీలు, దాని మీద ఇంకో కవరు, ప్యాకింగ్ వీడియో. కారితే ఇంకో డబ్బా పంపుతాను అన్న మాట పిన్ని నోటితోనే చెప్పింది, కాబట్టి రాశాం. చెప్పకపోతే రాసేవాళ్ళం కాదు.

నాలుగోది చాలామంది రాయరు, నా లెక్కలో ఇదే ముఖ్యం: ఏం అనకూడదు. "ప్రిజర్వేటివ్స్ లేవు" అని పిన్ని ఆవకాయకి అనొచ్చు, పక్కనే అమ్మే బయటి కంపెనీ సాసుకి అనకూడదు. "తరతరాలు" వద్దు. "నంబర్ వన్" వద్దు. ఆరోగ్యం మాటెత్తొద్దు, దాని గురించి కింద వేరే చెప్తాను, నాకు దెబ్బ తగిలింది అక్కడ.

ఆఖరున, చదివినవాడు ఏం చేయాలి. ఫోన్ చేయాలా, వాట్సాప్‌లో "సూరత్" అని ఒక్క మాట పంపాలా. ఒకటే పెట్టండి. నాలుగు పెడితే ఒక్కటీ చేయడు.

కాగితం లేకుండా రాసినదానికీ, కాగితం ఇచ్చి రాయించినదానికీ అంత తేడా ఉంటుందా?

మీరే చూడండి. మొదటిది పిన్ని కొడుకు ఒక్క లైను ప్రాంప్ట్, అంటే ఏఐకి చెప్పే మాట, ఇచ్చి తీసింది:

"స్వచ్ఛమైన పదార్థాలతో, సంప్రదాయ పద్ధతిలో తయారు చేయబడిన మా ఆవకాయ మీ ప్రతి భోజనాన్నీ ఒక మరపురాని అనుభూతిగా మారుస్తుంది. ఈరోజే ఆర్డర్ చేయండి!"

రెండోది ఆ కాగితం మొత్తం ఏఐకి ఇచ్చి, వచ్చినదాంట్లో మేం మూడు మాటలు మార్చాక:

"సూరత్‌లో రూమ్‌లో వండుకుంటున్నారా? అరకేజీ ఆవకాయ, మూతకి సీలు, పైన ఇంకో కవరు. నూనె కారి వస్తే ఫోటో పెట్టండి, ఇంకో డబ్బా పంపుతాం. ముక్కకి టెంక ఉంటుంది, మెత్తబడదు. ఘాటు గట్టిగానే ఉంటుంది, అలవాటు లేనివాళ్ళు కొంచెంతో మొదలెట్టండి. కావాలంటే సూరత్ అని మెసేజ్ పెట్టండి చాలు."

రెండో దాంట్లో ఒక్క విశేషణం కూడా గొప్పది లేదు. అయినా రాసిన మనిషి కనిపిస్తుంది. ఆ "కొంచెంతో మొదలెట్టండి" అన్నది పిన్ని మాటే, ఎవరొచ్చినా అదే అంటుంది, నేను వాయిస్ నోట్ రికార్డు చేసి కాగితంతో పాటు ఇచ్చాను. ఇది మంచి చిట్కా: మీకు రాయడం బద్ధకమైతే సరుకు గురించి ఐదు నిమిషాలు ఫోన్లో మాట్లాడి రికార్డు చేయండి, ఎదురుగా కస్టమర్ ఉన్నట్టు. దాన్ని అక్షరాల్లోకి మార్చి ఏఐకి ఇస్తే మీ మాట తీరు కొంతైనా పట్టుకుంటుంది.

మా కస్టమర్లు కొందరు తెలుగు, కొందరు ఒడియా, కొందరు హిందీ. ఏ భాషలో రాయించాలి?

మన వైపు అసలు చిక్కు ఇదే, హైదరాబాద్ యూట్యూబ్ వీడియోల్లో ఎవడూ చెప్పడు దీని గురించి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం, ఆ తర్వాత చదువు ఒడియాలోకి మారింది. దాంతో ఇప్పుడేం జరిగిందంటే ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడే కుర్రాళ్ళు చాలామంది తెలుగు అక్షరాలు చదవలేరు, ఒడియా చదువుతారు, హిందీ చదువుతారు, ఫోన్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. వాళ్ళకి మీరు తెలుగు లిపిలో అందంగా పోస్టు పెడితే లైక్ కొట్టి వెళ్ళిపోతారు, చదవరు.

అందుకని ప్లాన్‌లో భాష అన్న లైను రెండుగా రాసుకోండి, చెవికి ఏ భాష, కంటికి ఏ భాష. బరంపురం లోపల కుర్రకారుకి అయితే వీడియోలో మాట తెలుగు, స్క్రీన్ మీద అక్షరాలు ఒడియా. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వాళ్ళకి రెండూ తెలుగే. పెద్దవాళ్ళకి కరపత్రం ఇప్పటికీ తెలుగులోనే పని చేస్తుంది, మా అనుభవం.

ఇంకోటి, ఒక భాషలో రాయించి మిగతా వాటిలోకి మార్చమని అడగొద్దు. ఒడియాలో ఊరగాయని ఆచార అంటారు కదా, ఒకసారి ఒడియా కరపత్రాన్ని తెలుగులోకి మార్చమంటే "మామిడి ఆచారం, 250 గ్రాములు" అని ఇచ్చింది. నేను చూడకపోతే ప్రింటుకి వెళ్ళిపోయేది. మన పచ్చడితో కూడా ఇదే గొడవ. మనకి పచ్చడి అంటే నిల్వ పచ్చడీ అవుద్ది, రోటి పచ్చడీ అవుద్ది, అది చట్నీ అనుకుని "రెండు రోజుల్లో వాడేయండి, ఫ్రిజ్‌లో పెట్టండి" అని సలహా రాసింది ఏడాది నిల్వ ఉండే గోంగూరకి! కాగితం అదే ఉంచి, ప్రతి భాషకీ విడిగా మొదట్నుంచీ రాయించండి, ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళ చేత ఒకసారి చదివించండి.

ఏఐ తెలుగు స్కూలు పుస్తకంలా ఉంటోంది, ఏం చేయాలి?

"తయారు చేయబడిన", "అందించబడుతుంది", "మీ సౌలభ్యం కొరకు". అవును, నాకూ ఒళ్ళు మండుతుంది. పర్లాకిమిడిలో మాస్టారుగా పని చేస్తూ గిడుగు రామ్మూర్తి గారు జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు అది నచ్చక రాజమండ్రి వెళ్ళిపోయారాయన. ఆయన తిరిగిన వైపే షాపు పెట్టుకుని మనం మళ్ళీ "లభ్యమగును" అని బోర్డు పెట్టుకుంటే ఎలా?

చేయాల్సింది: "వాడుక భాషలో రాయి" అని చెప్తే సరిపోదు, అప్పుడు సినిమా డైలాగుల్లా రాస్తుంది. మీరు నిజంగా మాట్లాడిన పది వాక్యాలు నమూనాగా ఇవ్వండి. వాడకూడని మాటల లిస్టు కూడా ఇవ్వండి, మా షాపులో గోడకి అంటించి ఉంటుంది ఆ లిస్టు, బడిన అన్నది మొదటి మాట. అలాగని మరీ "ఏటి, బేగి, వచ్చీ" అంటూ రాయించినా ఎబ్బెట్టుగా ఉంటుంది, మన యాస దానికి సరిగ్గా రాదు, అక్కడక్కడా మీరే చేత్తో వేసుకోండి.

నెలకి ముప్పై పోస్టుల క్యాలెండర్ ఏఐనే వేసిచ్చింది, వాడుకోవచ్చా?

వేసిచ్చింది నేనూ చూశాను. ఫాదర్స్ డే ఉంది, వరల్డ్ చాక్లెట్ డే ఉంది, మన బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర లేదు. రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర, సూరత్ నుంచి, ముంబై నుంచి కుర్రాళ్ళంతా సెలవు పెట్టి దిగిపోయే యాత్ర, పులి వేషాలు కట్టి ఊరంతా తిరిగే యాత్ర, పట్టు నేసే మన దేరా వాళ్ళు ముందుండి నడిపించే యాత్ర, అది లేకుండా బరంపురం షాపుకి క్యాలెండర్ ఏంటండీ.

ఇక్కడ ఒక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నష్టపోయినవాళ్ళని చూశాను. కార్తీకం తీసుకోండి. ఒడియా వాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. వాళ్ళకి కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాటి నుంచే కార్తీకం మొదలు, అప్పటికి మనకి ఇంకా ఆశ్వయుజం నడుస్తుంటుంది, దీపావళి అమావాస్య దాటాకే మన కార్తీకం. మళ్ళీ కార్తీక పున్నమికి వాళ్ళది అయిపోతుంది, ఆ మర్నాడు ఛాడఖాయి, నెలంతా నీచు మానేసిన ఇళ్ళన్నీ ఆ రోజు చేపల బజారు మీద పడతాయి. మన ఇళ్ళల్లో మాత్రం పోలి పాడ్యమి దాకా ఇంకో పదిహేను రోజులు ఉంటుంది.

ఇప్పుడు మీరు రొయ్యల పచ్చడి అమ్ముతున్నారు అనుకోండి. ఛాడఖాయి రోజు ఒడియా గ్రూపులో పోస్టు పెడితే మధ్యాహ్నానికి సరుకు ఖాళీ. అదే పోస్టు అదే రోజు తెలుగు గ్రూపులో పెడితే ఒక మామ్మగారు ఫోన్ చేసి "కార్తీకంలో ఇదేం పని నాయనా" అంటారు, అన్నారు కూడా, నా క్లయింటునే. ఏఐకి కార్తీకం ఎప్పుడని అడిగితే ఒకటే తేదీల జత ఇస్తుంది, అది ఎవరి లెక్కో చెప్పదు. సంవత్సరాది కూడా అంతే, మన ఉగాది వేరు, వాళ్ళ పణా సంక్రాంతి ఏప్రిల్ మధ్యలో వేరు. జూన్‌లో రజ పండగ మూడు రోజులు ఒడియా ఆడపిల్లలకి ఉయ్యాలలు, పొడ పిఠా అనే పిండివంట, కొత్త బట్టలు, అప్పుడు బట్టల షాపు వాళ్ళు తెలుగు క్యాలెండర్ పట్టుకుని "ఆషాఢం డిస్కౌంట్ ఇంకా రాలేదు" అని కూర్చుంటే పోయినట్టే.

కాబట్టి క్యాలెండర్ మీరు వేయండి, గోడ మీద పంచాంగం ఒకటి, ఒడియా వాళ్ళ పంచాంగం, పంజి ఒకటి పక్కపక్కన పెట్టుకుని. తేదీలు ఖాయం చేశాక పోస్టులు ఏఐ చేత రాయించండి.

బరంపురం పట్టు చీరల గురించి రాయిస్తే తప్పులొస్తున్నాయి, ఎందుకు?

వస్తాయి. ఒక చీరల షాపు ఆయన తెచ్చిన రాతలో "మా బరంపురం పట్టు ఇక్కత్ నేతకి ప్రసిద్ధి" అని ఉంది. ఇక్కత్, అంటే నూలుకి ముందే ముడులేసి రంగులద్ది నేసేది, సంబల్‌పురి బంధ చీరలది, మన పోచంపల్లిది. బరంపురం పట్టుకి గుర్తు అంచు మీద వరసగా లేచే గుడి గోపురాల్లాంటి కుంభం, ఫోడ కుంభం అంటారు. జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు, ఆ రిజిస్ట్రేషన్ పేరులోనే ఆ ఫోడ కుంభ అన్న మాట ఉంది, చీరతో పాటు మగవాళ్ళు కట్టుకునే జోడు కూడా ఉంది. నెట్‌లో ఒడిశా చీర అనగానే సంబల్‌పురి గురించే ఎక్కువ రాతలుంటాయి, మోడల్ అటు జారిపోతుంది. తెలీనిది తెలీదని చెప్పడం దాని స్వభావంలో తక్కువ, ఖాళీ ఉంటే ధీమాగా నింపేస్తుంది.

ప్లాన్ దగ్గర దీనికి విరుగుడు ఒక ఫ్యాక్ట్ షీట్. ఒక పేజీ చాలు. ఈ చీర ఎక్కడ నేశారు, అంచు పేరేంటి, పట్టు ఏది, జరీ ఏది, అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ ఉందా లేదా, ఎలా ఉతకాలి. "ఇందులో ఉన్నవి మాత్రమే వాడు, లేనిది అవసరమైతే నన్ను అడుగు" అని రాయండి. అయినా పూర్తిగా నమ్మొద్దు, వచ్చిన రాతలో ప్రతి అంకె, ప్రతి పేరు కింద పెన్నుతో గీత గీసి షీట్‌తో పోల్చుకోండి. వీలైతే దేరా వీధిలో నేసే పెద్దాయనకి చదివి వినిపించండి, రెండు నిమిషాల్లో పట్టేస్తాడు. పై చీరల ఆయన రాత విని అలాంటి ఒకాయన అన్న మాట "మా మగ్గం మీద ముడులు మేమెప్పుడు వేశాం బాబూ".

"షుగర్ తగ్గుతుంది", "గ్యాస్ పోతుంది" అని ఏఐ రాసింది, ఉంచేయమంటారా?

తీసేయండి. నా తప్పు చెప్తాను. రాగి అప్పడాలకి కరపత్రం చేస్తూ ఏఐ ఇచ్చిన "షుగర్‌ని అదుపులో ఉంచుతుంది" అన్న లైను బాగుంది కదా అని ఉంచేశాను, ఐదొందలు ప్రింటయ్యాయి. ఒక కస్టమర్ వాళ్ళ నాన్నగారికి రోజూ వేయించి పెట్టాడట, మందు కూడా తగ్గించేశారట. అదృష్టం బాగుండి ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. కరపత్రాలన్నీ వెనక్కి తెచ్చి నేనే చించాను, ఖర్చు నాదే.

చట్టం కూడా ఉంది. తిండి సరుకుల ప్రకటనల మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, 2018లో విడిగా నిబంధనలు తెచ్చింది, జబ్బు నయమవుతుందని ఆహారానికి చెప్పుకోకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. "ఏఐ రాసింది సార్" అంటే వదలరు, పేరు మీది. కాగితం మీద ఆ "ఏం అనకూడదు" లైను ఉంటే ఇది మొదట్లోనే ఆగిపోయేది.

ఏఐ రాతలు పెడితే గూగుల్ వెనక్కి నెట్టేస్తుందట కదా?

ఏఐతో రాశారని నెట్టదు, ఎలా రాశారన్నదాని కంటే పనికొచ్చేలా ఉందా లేదా చూస్తామని 2023 ఫిబ్రవరిలో వాళ్ళే చెప్పారు. కానీ 2024 మార్చిలో స్పామ్ రూల్స్ మార్చి, జనానికి పనికిరాని పేజీలు ర్యాంకు కోసం గుట్టలుగా పెట్టడం నేరంలా చూస్తున్నారు, మనిషి రాసినా మిషన్ రాసినా. "బరంపురంలో బెస్ట్ పికిల్", "గోపాలపూర్‌లో బెస్ట్ పికిల్", "ఛత్రపూర్‌లో బెస్ట్ పికిల్" అని ఊరి పేరు మార్చి యాభై పేజీలు చేయమని అడిగేవాళ్ళు ఇంకా వస్తున్నారు. చేయను.

ఏ టూల్ మంచిది? డబ్బు కట్టాలా?

కాగితం బాగుంటే ఫ్రీవి చాలు. కాగితం లేకపోతే ఏది కొన్నా అదే తంతు.

పాత చాట్లు ఏఐకి ఇమ్మన్నారు, కస్టమర్ల నంబర్లు ఉంటాయి కదా?

పేర్లు, నంబర్లు, అడ్రసులు తీసేసి ప్రశ్నలు మాత్రమే ఇవ్వండి. చేత్తో ఒక కాగితం మీద ఎత్తి రాసుకుంటే ఇంకా మంచిది, రాస్తుంటేనే మీకు అర్థమైపోతుంది జనం దేని గురించి భయపడుతున్నారో. ఇన్నేళ్ళ వ్యాపారంలో తెలీని సంగతి ఆ కాగితం చూస్తే తెలిసిందని ఒక స్వీట్ షాపు ఆయన అన్నాడు, అందరూ అడిగేది "డాల్డాయా నెయ్యా" అని. ఆయన పోస్టుల్లో ఆ సంగతి ఒక్కసారి కూడా లేదు.

రోజుకి ఎన్ని పోస్టులు పెట్టాలి?

మిషన్ ఎన్నైనా ఇస్తుంది కాబట్టి ఎన్నైనా పెట్టాలని లేదు. వారానికి రెండు. మీకు చెప్పడానికి కొత్త సంగతి లేని వారం ఒకటి. రోజూ గుడ్ మార్నింగ్ పెట్టే షాపు నంబర్‌ని నేనే మ్యూట్‌లో పెట్టాను, మా బంధువే పాపం.

పక్క షాపు పోస్టు బాగా పోయింది, దాన్ని ఇచ్చి అలాంటిదే రాయమంటే తప్పా?

దొంగతనం సంగతి పక్కన పెట్టండి, ఉపయోగం లేదు. ఆయన పోస్టు పోయింది ఆయన దగ్గర ఉన్న ఏదో సంగతి వల్ల. ఒకాయన దుకాణం ముందు నిలబడి వేడి వేడిగా అప్పడం కాల్చి విరిచే వీడియో పెట్టాడు, ఆ చప్పుడుకే జనం చూశారు. ఇంకొకాయన ఆ మాటలన్నీ ఏఐతో మార్చి రాయించి పెట్టాడు, చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

ప్లాన్ పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

లైకులు లెక్కపెట్టొద్దు, బంధువులు కొట్టేస్తారు. పిన్ని కేసులో "సూరత్ అని మెసేజ్ పెట్టండి" అన్నాం కదా, ఆ మాటతో వచ్చిన మెసేజ్‌లు ఒక నోటుబుక్కులో గీతలు గీసుకుంది, వాటిలో ఎన్ని ఆర్డర్లయ్యాయో పక్కన ఇంకో గీత. ఇంకో పోస్టుకి ఇంకో మాట పెట్టండి. నెల తర్వాత ఏ మాటకి గీతలు ఎక్కువో చూస్తే వచ్చే నెల కాగితం దానంతట అదే సగం నిండుతుంది. ఏ పోస్టూ పని చేయలేదు అంటే ఏఐని తిట్టే ముందు మొదటి లైను చూసుకోండి, ఎవరికి అన్నది. తొంభై పాళ్ళు తప్పు అక్కడే దొరుకుతోంది నాకు. ఒక్కోసారి సరుకులోనే ఉంటుంది, అది మాత్రం నేను పైకి అనలేను.

మీ దగ్గరికి వస్తే ఎంతసేపు పడుతుంది, ఏం తెచ్చుకోవాలి?

కాగితానికి అరగంట నుంచి గంట, రాయించడానికి పది నిమిషాలు, సరిచూడ్డానికి ఇంకో అరగంట. చాలామంది ఈ పది నిమిషాలకే వస్తారు, మిగతాది విసుగు. సాయంత్రం ఆరు దాటాక రావద్దు, పెళ్ళి కార్డుల వాళ్ళుంటారు. సరుకు ప్యాకెట్ ఒకటి, తిండి సరుకైతే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కనపడే లేబులు, గత నెల కొరియర్ రసీదులు, జనం అడిగిన ప్రశ్నలు రాసిన కాగితం తెచ్చుకోండి. ఊరగాయల వాళ్ళు చిన్న సీసా కూడా తేవాలి, రుచి చూడకుండా నేను రాయించను. బెల్లం ఆవకాయైతే ఇంటి నుంచి అన్నం డబ్బా తెచ్చుకుంటాను, ముందు రోజు ఒక ఫోన్ కొట్టండి.